‘మీరేమన్నా అడగాలా?’ అన్నప్పుడు ఏం అడగాలి: రొయ్యల ప్లాంట్ ఇంటర్వ్యూకి వెళ్లే అమ్మాయికి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. బీఎస్సీ మైక్రోబయాలజీ అయింది. రెండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. చివర్లో ‘మీరేమన్నా అడగాలా?’ అంటే రెండుచోట్లా ‘ఏం లేదు సార్’ అని వచ్చేశాను. రెండు ఉద్యోగాలూ రాలేదు. వచ్చే సోమవారం ముత్తుకూరు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్యూఏ (క్వాలిటీ తనిఖీ) ట్రైనీ పోస్టుకు పిలిచారు. ఏం అడిగితే బాగుంటుంది? జీతం అడగొచ్చా? నైట్ షిఫ్ట్, బస్సు గురించి అడిగితే ‘అప్పుడే సాకులు మొదలుపెట్టింది’ అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:

అమ్మాయ్, ‘ఏం లేదు సార్’ అన్నందుకే ఆ రెండూ పోయాయని బాధపడుతున్నట్టున్నావు. అది కారణం కాకపోవచ్చు. నేను ఇరవై రెండేళ్లు నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో పనిచేశాను. మొదట ల్యాబ్‌లో, తర్వాత ప్రాసెసింగ్ హాల్లో క్వాలిటీ ఇన్‌ఛార్జిగా, చివరి తొమ్మిదేళ్లు ఉద్యోగుల్ని తీసుకునే పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో. ఆ తొమ్మిదేళ్లలో, చివర ప్రశ్న అడగలేదన్న ఒక్క కారణంతో మేం ఎవర్నీ వద్దనలేదు. కాకపోతే ఇద్దరు పిల్లలు మార్కుల్లోనూ మాటలోనూ సమానంగా తూగినప్పుడు, పని గురించి ఒక మంచి ప్రశ్న వేసిన పిల్ల పేరే పైకి వచ్చేది.

అయితే నువ్వు అడగాల్సింది వాళ్లను మెప్పించడానికి కాదు. ఈ సంగతి నాకు 2003లో చేతి చమురు వదిలాక తెలిసింది. ఒక ప్లాంట్‌లో పది నిమిషాలు మాట్లాడి ‘రేపట్నుంచి రామ్మా’ అన్నారు. ఆ సంబరంలో ఒక్క మాట అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటారోనని భయం కూడా. నాలుగు నెలలైనా అపాయింట్‌మెంట్ లెటర్ రాలేదు. ఆరో నెలలో తెలిసింది, నా పేరు కంపెనీ రిజిస్టర్లో లేదు, లేబర్ కాంట్రాక్టర్ రిజిస్టర్లో ఉందని. జీతంలో పీఎఫ్ కోత మాత్రం నెలనెలా ఉంది. ఖాతా నంబరు అడిగితే ఆఫీసు వాళ్లు కాంట్రాక్టర్ని అడగమన్నారు, కాంట్రాక్టర్ ఆఫీసును అడగమన్నాడు. ఆ ఆరు నెలల డబ్బు ఇప్పటికీ రాలేదు. ‘నన్ను ఎవరి రోల్స్ మీద తీసుకుంటున్నారు సార్?’ అని ఆ రోజు అడిగినా నేను బహుశా చేరే ఉండేదాన్ని. ఇంట్లో అవసరం అట్లాంటిది. కాకపోతే కళ్లు తెరుచుకుని చేరి ఉండేదాన్ని.

మన వైపు రొయ్యల గుంట లీజుకు తీసుకునే రైతును చూసే ఉంటావు. కట్ట మీద ఓ చుట్టు తిరుగుతాడు. నీళ్లు నోట్లో వేసుకుని ఉప్పదనం చూస్తాడు. కరెంటు లైను ఎంత దూరమో చూసుకుంటాడు. పోయిన పంటకు జబ్బేమన్నా తగిలిందా అని పక్క గుంట వాళ్లను విచారిస్తాడు. గుంట సొంతదారు దగ్గర మంచి పేరు కొట్టేయాలని కాదు కదా ఇదంతా. ఆ జవాబులను బట్టే ఎకరాకు ఎంత ఇవ్వొచ్చో, అసలు తీసుకోవచ్చో లేదో తేల్చుకుంటాడు. నువ్వు కాగితం మీద రాసుకునే ప్రతి ప్రశ్ననూ ఇట్లాగే చూసుకో. జవాబు ఎటు వచ్చినా నీ నిర్ణయం మారదంటే ఆ ప్రశ్న కొట్టేయ్.

ఈ లెక్కన ఫోన్లో దొరికే ‘ఇంటర్వ్యూలో అడగాల్సిన పది ప్రశ్నలు’ చాలావరకు ఎగిరిపోతాయి. ఓసారి ఒక అబ్బాయి మా ప్లాంట్ మేనేజర్ని ‘మీ కంపెనీ విజన్ ఏంటి సార్?’ అని అడిగాడు. ముందురోజు రాత్రి కంప్రెసర్ చెడిపోతే ఆయన తెల్లార్లూ మెకానిక్‌ల పక్కనే నిలబడి ఉన్నాడు. ‘ఇప్పటికి కళ్లు మూతపడకుండా చూసుకోవడమేనయ్యా నా విజన్’ అన్నాడు. అందరం నవ్వాం. పాపం, ఆ అబ్బాయి రెండో ప్రశ్న మర్చిపోయాడు.

ఇక నీ పోస్టు సంగతి. క్యూఏ ట్రైనీ అనే పేరు ఒకటే గానీ దాని వెనక మూడు నాలుగు రకాల బతుకులుంటాయి. రిసీవింగ్‌లో వేస్తే లారీ వచ్చినప్పుడల్లా ఐసులో ఉన్న సరుకు టెంపరేచర్ చూడాలి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) వేయాలి, వాసన, రంగు, మెత్తబడ్డ ముక్క చూసుకోవాలి. హాల్లో వేస్తే తల తీసే దగ్గర, పీలింగ్ దగ్గర, గ్రేడింగ్ దగ్గర రోజంతా గంబూట్లతో నిలబడాలి, క్లోరిన్ నీళ్లు, చేతుల శుభ్రత రాసుకోవాలి. ల్యాబ్‌లో వేస్తే టోటల్ ప్లేట్ కౌంట్ (మొత్తం బ్యాక్టీరియా లెక్క), ఈ-కొలై, సాల్మొనెల్లా, విబ్రియో, యాంటీబయాటిక్ అవశేషాలకు ఎలైసా పరీక్షలు. నువ్వు చదివింది మైక్రోబయాలజీ, నీ మనసు ల్యాబ్ మీద ఉంటుంది. అదే పోస్టుకు ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివిన పిల్లలు కూడా వస్తారు, వాళ్లకు రొయ్య సంగతి నీకన్నా ఎక్కువ తెలుసు. కాబట్టి నీ మొదటి ప్రశ్న ఇట్లా ఉండొచ్చు: ‘సార్, మొదటి ఆరు నెలలు నన్ను ఎక్కడెక్కడ ఉంచుతారు? మైక్రోబయాలజీ వాళ్లకు ల్యాబ్ పని ఎప్పట్నుంచి దొరుకుతుంది?’ ‘మూడు నెలలు హాలు, తర్వాత ల్యాబ్, ఫలానా అమ్మాయి అట్లాగే వచ్చింది’ అంటే అక్కడ ఒక పద్ధతి ఉందన్నమాట. ‘అన్నీ చేయాలమ్మా, అవసరాన్ని బట్టి’ అంటే ఏడాది తర్వాత కూడా నువ్వు రిసీవింగ్ షెడ్డులోనే కనపడొచ్చు. హాలు పనిని తక్కువగా చూడమని కాదు నేననేది. హాలు తెలియని ల్యాబ్ వాళ్లు కాగితాలకే పనికొస్తారు.

రెండో ప్రశ్నను మన వైపు కొత్త పిల్లలెవరూ అడగరు. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్దది ఇదే: ‘క్వాలిటీ వాళ్లు ఎవరికి రిపోర్ట్ చేస్తారు సార్? ఒక లాట్ బాగాలేదంటే ఆపే అధికారం ఎవరిది?’ లాట్ అంటే ఒక విడత సరుకు. క్వాలిటీ మేనేజర్ ప్రొడక్షన్ మేనేజర్ కింద ఉన్నాడనుకో. రాత్రి పదకొండింటికి కంటైనర్ లోడ్ అవ్వాలి, పొద్దున్నే రేవుకు చేరాలి. అప్పుడు నువ్వు ‘సార్, ఈ లాట్‌లో నల్లమచ్చ ఎక్కువగా ఉంది’ అంటే నీ మాట ఎంతసేపు నిలబడుతుంది? సంతకం నీది, తొందర ఇంకొకరిది. సరుకు అవతలి దేశంలో తిరస్కరిస్తే అప్పుడు అందరూ వెతికేది రికార్డు మీది సంతకాన్నే. మరి అట్లా వెనక్కి వచ్చే అవకాశం లేదా అంటే, యూరప్ వాళ్లు 2016లో మన సాగు రొయ్యల మీద సరిహద్దు పరీక్షలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల ఆనవాళ్లు దొరికితే సరుకు అక్కడే ఆగిపోతుంది. ఈ ప్రశ్నను క్వాలిటీ మేనేజర్‌నే అడుగు, హెచ్‌ఆర్‌ను కాదు. ఆయన జవాబు కన్నా, జవాబు చెప్పే ముందు ఎవరి వైపు చూశాడో గమనించు.

దానికి అనుబంధంగా ఇంకొకటి అడగొచ్చు: ‘పోయిన ఆడిట్ తర్వాత ఇక్కడ ఏమేం మార్చారు సార్?’ ‘ఆడిట్‌లో ఎన్ని తప్పులు వచ్చాయి?’ అంటే ఎవరికైనా మండుతుంది. ఏం మార్చారంటే చెప్పుకోవడానికి బాగుంటుంది, నీకు తెలియాల్సిందీ తెలుస్తుంది.

ఎగుమతుల గురించి కూడా అడుగు: ‘మన సరుకు ఎక్కువగా ఏ దేశాలకు వెళ్తుంది?’ ఇది తెలివి చూపించుకోవడానికి కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు, ఆ ఒక్క దేశం మీదే ఆధారపడ్డ ప్లాంట్లు ఎంత తల్లడిల్లాయో ఇక్కడ గుంటలున్న ప్రతి ఇంటికీ తెలుసు. కౌంట్ ధర పడిపోయింది, రైతులు గుంటల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వేయడానికి వెనకాడారు. సరుకు తగ్గితే ముందుగా కొత్తవాళ్ల మీద పడుతుంది. నాలుగైదు దేశాలకు పంపే ప్లాంటైతే కొంత నయం.

ఇక్కడే సీజన్ ప్రశ్న కలిపెయ్. పట్టుబడులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఎనిమిది గంటల షిఫ్ట్ అన్నది కాగితం మీద మాటే. సరుకు వచ్చిందంటే అయ్యేదాకా ఉండాలి. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటి పని చేయిస్తే దానికి రెట్టింపు రేటున ఓవర్‌టైమ్ ఇవ్వాలి. కానీ అది కార్మికులకు. సూపర్‌వైజర్, ఆఫీసర్ అని పేరు పెట్టాక ‘స్టాఫ్‌కు ఓటీ లేదమ్మా, కాంప్ ఆఫ్ ఇస్తాం’ అంటారు, అంటే డబ్బుకు బదులు సెలవు. ఆ కాంప్ ఆఫ్ తీసుకున్నవాళ్లు ఎందరో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. అందుకే ‘ఓటీ ఉందా?’ అనే బదులు ‘సీజన్‌లో ట్రైనీలు మామూలుగా ఎన్నింటికి ఇంటికి వెళ్తారు సార్? సరుకు లేని నెలల్లో జీతం పూర్తిగానే ఉంటుందా?’ అని అడుగు. రెండో ముక్క మర్చిపోకు.

జీతం సంగతి. అడగొచ్చు. ఎందుకు అడగకూడదు? ఊరికే వచ్చి పనిచేయమంటే ఎవరొస్తారు? కాకపోతే మొదటి ప్రశ్నగా వద్దు, క్వాలిటీ మేనేజర్ దగ్గరా వద్దు. పని గురించి మాట్లాడాక, హెచ్‌ఆర్ వాళ్లు ఉన్నప్పుడు అడుగు. ‘ఎంతిస్తారు?’ కన్నా ‘చేతికి ఎంత వస్తుంది సార్?’ అనేది సరైన ప్రశ్న. ఎందుకో లెక్క చూడు. నెలకు సుమారు 20,000 సీటీసీ, అంటే నీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, అన్నారనుకో. అందులో స్థూల జీతం 18,000, బేసిక్ 12,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం అంటే 1,440, కంపెనీ వాటా ఈఎస్‌ఐ 3.25 శాతం అంటే 585. ఇవి రెండూ ఆ 20,000లోనే కలిపి చెబుతారు. మిగిలిన 18,000లో నీ వాటా పీఎఫ్ ఇంకో 1,440, నీ ఈఎస్‌ఐ 0.75 శాతం అంటే 135, వృత్తి పన్ను 150 పోతాయి. చేతికి వచ్చేది 16,275. క్యాంటీన్, బస్సు కోత ఉంటే అది వేరే. ఇందులో మోసం లేదు, పీఎఫ్ నీ డబ్బే. కానీ అమ్మకు 20,000 అని చెప్పి మొదటి నెల 16,000 తెచ్చిస్తే ఇంట్లో నీకే చిక్కు.

ఇక, నాకు ఆరు నెలల పీఎఫ్ కోత నేర్పించిన ప్రశ్న: ‘ట్రైనీ అంటే కంపెనీ రోల్స్ మీదనా, కాంట్రాక్ట్ మీదనా, అప్రెంటిస్‌గానా?’ మూడూ మూడు దారులు. అప్రెంటిస్‌గా తీసుకుంటే 1961 నాటి చట్టం కింద స్టైపెండ్ వస్తుంది, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు, గడువయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. అది చెడ్డదని కాదు, నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకు మంచిదే. కాంట్రాక్ట్ అయితే కాంట్రాక్టర్ పేరు, పీఎఫ్ ఎవరి కోడ్ మీద కడతారో తెలుసుకో. ఏదైనా సరే, చేరిన రోజే లెటర్ అడుగు. 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం యజమాని బాధ్యత. ఇప్పుడు పీఎఫ్ కూడా ఫోన్లోనే చూసుకోవచ్చు. నా కాలంలో ఆ సౌకర్యం ఉంటే ఆ కాంట్రాక్టర్ ఆరు నెలలు నన్ను తిప్పేవాడు కాదు.

బాండ్ గురించి ఒక మాట. కొందరు రెండేళ్ల బాండ్ అంటారు. అడిగి తెలుసుకో: ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత, శిక్షణకు వాళ్లు నిజంగా ఏం ఖర్చు పెడుతున్నారు. బాండ్లేవీ చెల్లవని కుర్రాళ్లు ధైర్యం చెప్పుకుంటూ ఉంటారు గానీ, 2025 మేలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల బాండ్‌నూ రెండు లక్షల షరతునూ సమర్థించింది. ఆ లెక్కన ప్రతి బాండూ చెల్లుతుందనీ కాదు. చదివి సంతకం పెట్టు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం ‘చూపిస్తాను సార్, జిరాక్సులు ఇస్తాను’ అని చెప్పు. అక్కడ గట్టిగా నిలబడు.

నైట్ షిఫ్ట్, బస్సు. ఇవి సాకులని ఎవరన్నారు? నీది కోవూరు అవతల. ముత్తుకూరు వెళ్లాలంటే పెన్న దాటి నెల్లూరు వచ్చి బస్సు మారాలి. రాత్రి పదింటికి షిఫ్ట్ దిగితే నువ్వు ఇంటికెట్లా చేరతావన్నది నీకెంత ముఖ్యమో వాళ్లకూ అంతే ముఖ్యం. చేరి నెల తిరక్కుండానే ‘మా నాన్న వద్దంటున్నాడు’ అని మానేసిన పిల్లలను చాలామందిని చూశాం, మళ్లీ మొదట్నుంచి ఇంటర్వ్యూలు పెట్టుకోవాల్సి వచ్చేది. తేడా అంతా అడిగే తీరులోనే. ‘నాకు నైట్ కుదరదు’ అని మొదలుపెడితే తలుపు మూసినట్టు ఉంటుంది. ‘నేను నైట్‌కి సిద్ధమే సార్. కోవూరు వైపు నుంచి కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుంది? లేకపోతే హాస్టల్ ఉందా, వార్డెన్ ఎవరు?’ అంటే పని మొదలుపెట్టిన మనిషి అడిగినట్టు ఉంటుంది. సిద్ధంగా లేకపోతే సిద్ధమని మాత్రం చెప్పకు. ఆడవాళ్లను నైట్ షిఫ్ట్‌లో పెట్టాలంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి, రవాణా, భద్రత యాజమాన్యమే చూడాలి. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అది ఇంటర్వ్యూలో అడగక్కర్లేదు. గేటు దగ్గరో క్యాంటీన్ దగ్గరో నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయో లేదో వెయిటింగ్‌లో ఉన్నప్పుడు చూసుకో. బోర్డు మీద మూడేళ్ల కిందటి సంక్రాంతి ముగ్గుల పోటీ కాగితమే ఉందంటే నీకు కొంత అర్థమవుతుంది.

అడిగితే కాస్త ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఒకటుంది: ‘ఈ పోస్టులో ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు?’ మా అక్క కొడుకు ఒంగోలులో ఉంటాడు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పోస్టుకు వెళ్లి ఇదే అడిగాడు. ఎదురుగా కూర్చున్నది యజమానే. కాసేపు ఊరుకుని ‘రెండు నెలలు జీతాలు లేటయ్యాయి బాబూ, బయ్యర్ డబ్బు ఆపాడు. ఇప్పుడు సర్దుకుంది’ అన్నాడట. మావాడు చేరాడు. జీతం మళ్లీ లేటవ్వలేదని చెప్పను, ఓసారి అయింది. కానీ ఈసారి ముందే చెప్పారు. అదే ప్రశ్నకు ‘ఈ కాలం పిల్లలకు ఓపిక లేదండీ’ అని జవాబు వచ్చిందనుకో, ముందు వెళ్లిపోయినవాళ్లు ఎందరో అడగాలనిపిస్తుంది. నువ్వు ట్రైనీవి కాబట్టి కొంచెం మార్చి అడుగు: ‘పోయినేడు చేరిన ట్రైనీలు ఇప్పుడు ఏ పనుల్లో ఉన్నారు సార్?’

ఇన్నీ అడగమని చెప్పడం లేదు. మూడు చాలు. ఐదు రాసుకుని వెళ్లు, రెండింటికి వాళ్లే మాటల్లో జవాబు చెప్పేస్తారు. కాగితం చూసి అడగడం తప్పేమీ కాదు, ఫోన్ మాత్రం తీయకు. మధ్యలో ‘హాసాప్ (ఆహార భద్రత పద్ధతి) రికార్డులు ఎప్పుడన్నా చూశావా?’ లాంటి ప్రశ్న వాళ్లు వేసి నువ్వు తెలియదంటే, చివర్లో దాన్నే పట్టుకో: ‘ఇందాక మీరు అడిగింది నాకు తెలియదు సార్, అది ఇక్కడ ఎవరి దగ్గర నేర్చుకోవచ్చు?’ ముందుగా రాసుకున్న ఏ ప్రశ్నా దీనికి సాటి రాదు. నిన్ను నేనైతే ఇక్కడే తీసుకునేదాన్ని.

నెల్లూరు రొట్టెల పండగలో, ఉద్యోగం కోరుకుని స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె పట్టుకున్నానని చెప్పిన పిల్లలు కూడా నా ముందు కూర్చున్నారు. నేనూ ఓసారి పట్టుకున్నాను, నమ్మకం నాకూ ఉంది. అయినా వాళ్లతో కూడా ‘ఇంకేమన్నా అడగాలా అమ్మా?’ అని నేనే రెండోసారి అడగాల్సి వచ్చేది.

లేచేముందు ఎప్పటికి చెబుతారో, ఎవరికి ఫోన్ చేయాలో అడిగి రాసుకో. ఆ తర్వాత, వాళ్లు తీరిగ్గా ఉన్నట్టు కనపడితే, ‘ఒకసారి హాలు చూడొచ్చా సార్?’ అను. సీజన్‌లో కుదరదనొచ్చు, బయటివాళ్లను పంపకూడదని ఆపొచ్చు కూడా, ఏమీ అనుకోకు. పంపితే మాత్రం ఆ పావుగంటలో తెలిసేది ఏ జవాబులోనూ తెలియదు. అక్కడి ఆడవాళ్ల చేతులు చూడు, గ్లౌజులు చిరిగినవా కొత్తవా చూడు, సూపర్‌వైజర్ వాళ్లను ఏమని పిలుస్తున్నాడో విను. లోపలికి వెళ్లాలంటే గాజులు, ఉంగరాలు, గోళ్ల రంగు, బొట్టుబిళ్ల ఏవీ ఉండకూడదు. కాబట్టి సోమవారం గోళ్ల రంగు తీసేసి వెళ్లు, తల్లో పూలు పెట్టుకోకు, సాక్సులు వేసుకో. వాళ్లిచ్చే గంబూట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.